ఆఖర్న తినే మనిషికి తొలి వాయి

2006 నవంబరు. గోదావరి వరద తీసి, నీళ్ళు ఎర్రరంగు వదిలి తేటపడ్డ రోజులు. పాపికొండల లాంచీలకి అదే అసలు సీజను. పట్టిసీమ రేవులో పొద్దున్నే జనాన్ని ఎక్కించుకుని, సాయంత్రానికి కొండల నడుమ ఇసుకతిన్నె మీద వెదురు గుడిసెల దగ్గర దింపి, మర్నాడు మళ్ళీ వెనక్కి తీసుకొచ్చే రెండ్రోజుల ట్రిప్పు మాది. ఆ లాంచీలో నేను హెడ్ కుక్‌ని. మా కోనసీమలో అయితే వంట మాస్టారు అంటారు. పేరులో తేడా గానీ చేతికి అంటుకునే మసి ఒకటే.

లాంచీ ఎక్కేవాళ్ళంతా కొండలు చూడ్డానికి వచ్చామంటారు. నేను నమ్మను. తొమ్మిదేళ్ళు ఆ లాంచీ మీద వండినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మనవాళ్ళు తినడానికి వస్తారు. కొండల్ని ఓ గంట చూసి, ఆ తర్వాత మెల్లగా వెనక్కి వచ్చి "భోజనాలు ఎన్నింటికండీ?" అని అడుగుతారు. అందులో తప్పేం లేదు. ఇంట్లో సుగరనీ బీపీ అనీ నోరు కట్టుకునే పెద్దమనుషులు లాంచీ మీద మూడో పూతరేకు అడిగి మరీ తీసుకోవడం నేను కళ్ళారా చూశాను. నీళ్ళ మీద తిన్నది ఒంటికి పట్టదని ఓ లెక్చరరు గారు నాతో వాదించారు కూడా.

మా కిచెన్ లాంచీ వెనక భాగంలో, ఇంజను పక్కన ఉండేది. నలుగురు నిలబడితే ఐదోవాడు గోదాట్లో పడేంత చోటు. నాలుగు గ్యాసు పొయ్యిలు, ఒక గ్రైండరు, రెండు నీళ్ళ డ్రమ్ములు. నేనూ, నాకు సాయంగా రాంబాబూ, వడ్డనకి మరో ఇద్దరూ. వండినదంతా డెక్కు మీద బఫే బల్ల మీద పెట్టేవాళ్ళం. పొయ్యి మీంచి దించిన దగ్గర్నుంచి మనిషి నోట్లోకి వెళ్ళేదాకా పట్టే సమయాన్ని కేటరింగ్‌లో హోల్డింగ్ టైం అంటారు. వంటవాడికి అసలు శత్రువు అదే. ఎంత బాగా వండిన కూరైనా అరగంట ఆగితే నీరుగారిపోతుంది. కొండల మధ్య గాలికి పావుగంట చాలు.

నాకు కోపం ఎక్కువని లాంచీ మీద అందరికీ తెలుసు. వంట మీద గర్వం కూడా ఎక్కువే, దాచుకోవడం ఎందుకు? పెళ్ళిళ్ళ వంటల్లో నాకు పని నేర్పిన మా గురువుగారు ఒక మాట చెప్పేవారు. "ఒరేయ్, బాగుంది అన్నవాణ్ణి నమ్మకు, అది మర్యాద. వంక పెట్టినవాడే మనసుపెట్టి తిన్నట్టు." ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అర్థమయ్యేలా చేసింది మరియమ్మ గారు.

ట్రిప్పుకి వారం ముందు రాజమండ్రిలో మా ఆఫీసుకి విజయకుమారి గారని ఓ టీచరు వచ్చారు. మెనూ మాట్లాడ్డానికి నన్ను పిలిచారు.

"మండపేట దగ్గర మా హాస్టల్లో వంట చేసిన మరియమ్మ గారండి. ముప్ఫై ఏళ్ళు చేసి ఈ మధ్యే మానేశారు. మేం యాభైమంది దాకా వస్తున్నాం. టీచర్లం, నర్సులం, ఆఫీసుల్లో చేసేవాళ్ళం, అందరం ఆవిడ చేతి అన్నం తిని చదువుకున్నవాళ్ళమే. పెద్దమ్మా అని పిలుస్తాం. ఆవిడ కూర్చుని తినడం మాలో ఒక్కరం కూడా చూళ్ళేదండి. ఈ రెండ్రోజులూ ఆవిణ్ణి కూర్చోబెట్టి తృప్తిగా తినిపించాలి. మాకు కావల్సింది అదొక్కటే."

"మెనూ ఏం పెట్టమంటారండి?" అన్నాను.

"మీకు వచ్చినవన్నీ పెట్టండి."

నాలాంటివాడితో అనకూడని మాట అది.

"ఇంకో మాటండి," అన్నారావిడ లేస్తూ. "పెద్దమ్మని మీ వంటగదిలోకి మాత్రం రానివ్వొద్దు. వచ్చారంటే గరిటె లాక్కుంటారు."

వంటవాడు వంటావిడకి వండిపెట్టడమంటే మాటలు కాదు. వేలమందికి వడ్డించినప్పుడు కూడా పడని భయం నాకు ఆ వారమంతా పట్టుకుంది. భయంతో పాటు పంతం కూడా. మొదటిరోజు మధ్యాహ్నానికి కొరమేను పులుసు, రొయ్యల వేపుడు, గుత్తివంకాయ, కార్తీకమాసం నియమం ఉన్నవాళ్ళ కోసం ఆవపెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, మజ్జిగచారు, గుమ్మడి వడియాలు అనుకున్నాను. సాయంత్రానికి మిరపకాయ బజ్జీలు. రాత్రికి కోడి పలావు. మర్నాడు టిఫినుకి గారెలు, నాటుకోడి కూర. పూతరేకులు ఆత్రేయపురం నుంచి ముందురోజే తెప్పించాను.

పట్టిసీమ రేవులో బస్సు దిగినప్పుడు చూశాను ఆవిణ్ణి. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్నారు. పిల్లలు కొనిపెట్టిన ఉప్పాడ చీర నలుగుతుందేమోనని చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. పిల్లలంటున్నాను గానీ వాళ్ళలో కొందరికి నలభై దాటాయి. లాంచీ ఎక్కగానే మెడలో పెద్ద పూలదండ వేసి ముందు వరసలో కుర్చీ వేశారు. ఇడ్లీ, నెయ్యి, కారప్పొడి పళ్ళెంలో పెట్టి చేతికిచ్చారు. ఆ తర్వాత ఫోటోలు మొదలయ్యాయి. ఒక్కొక్కరే వచ్చి పక్కన నిలబడడం, పెద్దమ్మ నవ్వడం. యాభై ఫోటోలు అయ్యేసరికి లాంచీ పోలవరం దాటింది. ఇడ్లీ పళ్ళెంలోనే ఉంది.

పది గంటలప్పుడు ఆవిడ కిచెన్ గుమ్మం దగ్గరికి వచ్చారు.

"పులుసులో మెంతులు మాడుతున్నాయి బాబూ. వాసనొస్తోంది."

రాంబాబు గబుక్కున మంట తగ్గించాడు. ఆవిడ చెప్పింది నిజమే. అయినా నాకు ఉక్రోషం వచ్చింది.

"మీరు అక్కడే కూర్చోవాలండి. మాకు ఆర్డరు."

"ఎవరిచ్చారు ఆర్డరు?"

"మీ పిల్లలేనండి."

"అప్పుడు నా మాట ఒక్కర్తీ వినేది కాదు. ఇప్పుడు నాకు ఆర్డర్లన్నమాట," అని నవ్వుతూ వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఒంటిగంటకి బఫే తెరిచాను. పులుసు గిన్నె మూత తీస్తే డెక్కు ముందు కొస దాకా వాసన వెళ్ళింది. అందరికంటే ముందు మరియమ్మ గారికే పళ్ళెం పెట్టించాను. ఆవిడ కళ్ళు మూసుకుని రెండే ముక్కల్లో ప్రార్థన చేసుకున్నారు. చేయి అన్నంలో పెట్టబోతుండగా ఒకావిడ మైకు అందుకున్నారు.

మనవాళ్ళకి మైకు దొరికితే వదలరని అందరికీ తెలిసిందే. "పెద్దమ్మ గురించి రెండు మాటలు" అని మొదలెట్టి, తనకి జ్వరం వచ్చినప్పుడు ఆవిడ కాచి ఇచ్చిన గంజి గురించి చెప్పారు. ఇంకొకరు పరీక్షల రోజుల్లో పొద్దున్నే లేపి ఇచ్చిన టీ గురించి. అందరూ ఏడుస్తున్నారు, అందరూ తింటూనే ఉన్నారు. తిననిదల్లా మరియమ్మ గారే. తనని పొగుడుతుంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం బాగోదని ఆవిడ చేయి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మాట్లాడినవాళ్ళు తొమ్మిదిమంది. కిచెన్ గుమ్మంలో నిలబడి నేను పులుసు మీద నూనె గడ్డకట్టడం చూస్తున్నాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మాస్టారూ, ఆవిడ పళ్ళెం వచ్చేసిందండి," అన్నాడు రాంబాబు కాసేపటికి. నాలుగు ముద్దలు తిన్నట్టున్నారు. రొయ్యలు పక్కనున్నావిడకి పెట్టేశారట.

"ఏమన్నారు?"

"బాగుందన్నారండి."

ఆ మాట నాకు చెంపదెబ్బ తగిలినట్టే ఉంది.

సాయంత్రం బజ్జీల వేళకి కేకు కోయించారు. రాత్రి ఇసుకతిన్నె మీద పలావు వడ్డించే వేళకి శాలువా కప్పి జ్ఞాపిక ఇచ్చారు, మళ్ళీ మాటలు. రెండుసార్లూ పళ్ళెం అలాగే వెనక్కి వచ్చింది. రెండుసార్లూ బాగుందనే అన్నారు. ఆ పిల్లలకి ఆవిడంటే ప్రాణం, అది నాకు కనిపిస్తూనే ఉంది. ప్రేమతో ఆవిణ్ణి పస్తు పెడుతున్నారని వాళ్ళకి తట్టలేదు. మన సన్మానాల తీరే అంత. సన్మానం జరిగేవాడికి తప్ప అందరికీ భోజనం అందుతుంది.

మర్నాడు తెల్లవారుతుండగా ఇసుకలో పొయ్యిలు పెట్టించి గారెలకి పప్పు కడుగుతున్నాను. పొగమంచులోంచి మరియమ్మ గారు వచ్చారు. పిల్లలింకా లేవలేదు.

"ఆర్డరు ఇంకా ఉందా బాబూ?" అన్నారు.

"ఉందండి. కానీ కూర్చోండి." పీట జరిపాను. అల్లం టీ కాచి ఇస్తే, గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నారు. వెంటనే తాగలేదు.

"నిన్నట్నుంచి మీరు ఏమీ తినలేదండి. నా వంట నచ్చలేదా? నచ్చకపోతే చెప్పండి, వంటవాళ్ళం కదా, మన మధ్య మొహమాటం ఏంటి."

ఆవిడ టీ ఒక గుక్క తాగారు.

"నీ వంట తింటేగా బాబూ, నచ్చిందో లేదో తెలిసేది. నేను తిన్నది చల్లారిన పులుసు. చల్లారింది తినడం నాకు అలవాటే. అది తినడానికి ఇంత దూరం రావాలేంటి?"

నాకు నవ్వొచ్చింది, ఆవిడా నవ్వారు. తర్వాత మెల్లగా చెప్పారు. హాస్టల్లో నూట ఇరవైమంది పిల్లలు. ఆఖరి పిల్ల కంచం కడిగాక అడుగున ఉన్నదేదో ఈవిడ తినేవారు. గిన్నెలు తోమే తొందరలో నిలబడే. ఇంటికెళ్తే అక్కడా ఆవిడే ఆఖరు. "ఏదో కష్టమని చెప్పట్లేదు. నా పిల్లల్లో ఒక్కర్తి ఆకలితో పడుకోలేదు, నాకు అది చాలు. కానీ వేడి గారె ఎలా ఉంటుందో మాత్రం గుర్తులేదు నాయనా. వేలకి వేలు వేశాను, వేడిగా ఒక్కటీ తిన్లేదు."

"మీ పిల్లలతో చెప్పొచ్చు కదండీ, ముందు తిననివ్వండి అని?"

"అంత ప్రేమగా మాట్లాడుతుంటే తిండి గోల ఎలా ఎత్తను?"

ఆ మాటతో నాకు రాత్రంతా పట్టిన కోపం ఎటు పోయిందో పోయింది. సిగ్గు మాత్రం మిగిలింది. నేను నిన్నట్నుంచీ బాధపడింది నా పులుసు గురించి. ఆవిడ ఆకలి గురించి కాదు.

టిఫిను టైముకి అభినందన పత్రం చదవాలని ముందే అనుకున్నారు. అద్దాల ఫ్రేము కట్టించి తెచ్చారు, నాలుగు పేజీల కాయితాలు వేరే. విజయకుమారి గారు మైకు సరిచూసుకుంటుంటే నేను దగ్గరికి వెళ్ళాను.

"ముందు తినడం, తర్వాత చదవడం అండి."

"అంటే?"

"గారె నూనెలోంచి తీశాక ఆగదండి. పెద్దమ్మగారు తిన్నాకే మైకు ఇస్తాను." అంటూనే మైకు వైరు లాగేశాను.

మా మేనేజరు పరుగెత్తుకొచ్చారు. "మాస్టారూ, పార్టీ వాళ్ళతో గొడవేంటండీ? వాళ్ళ ప్రోగ్రాం వాళ్ళిష్టం. మీ పని వండడం."

"వండడమొక్కటే అయితే నేను నిన్నే ఓడిపోయానండి," అన్నాను. విజయకుమారి గారికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. నిన్న పొద్దున్నుంచి ఆవిడ ఒక్క వేడి ముద్ద తినలేదని, మీరు మాట్లాడుతున్నంతసేపూ చేయి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారని. విజయకుమారి గారి మొహం పాలిపోయింది.

"చూసుకోలేదండి," అన్నారు. "ఒక్కరం కూడా చూసుకోలేదు."

పెళ్ళిళ్ళలో ఈ మధ్య లైవ్ కౌంటర్ అంటున్నారు, అంటే తినేవాళ్ళ కళ్ళెదుటే వండి పళ్ళెంలో వేయడం. ఆ రోజు మా ఇసుకతిన్నె మీద పెట్టిన లైవ్ కౌంటర్ ఒక్క మనిషికి. నూనె మూకుడు ఒక పొయ్యి మీద, కోడికూర గిన్నె ఇంకో పొయ్యి మీద, వాటికి రెండడుగుల దూరంలో మరియమ్మ గారి కుర్చీ. యాభైమందీ చుట్టూ నిలబడ్డారు. ఎవరూ మాట్లాడొద్దని విజయకుమారి గారే చెప్పారు.

అరిటాకు ముక్క మీద పిండి తట్టి, చిల్లు పెట్టి, నూనెలో వదిలాను. తొలి వాయిలో ఒక్కటే గారె. ఎర్రగా వేగాక తీసి నేరుగా ఆవిడ పళ్ళెంలో వేశాను. పైన ఉడుకుతున్న కూర రసం గరిటెడు పోశాను.

ఆవిడ గారె వంక చూశారు, చుట్టూ చూశారు.

"పిల్లలు తిన్నారా?"

"మేం తర్వాత తింటాం పెద్దమ్మా," అన్నారు నాలుగైదు గొంతులు. "నువ్వు తిను."

"మీరు తినకుండానా?"

ఆ క్షణంలో ఆవిడ కుర్చీలోంచి లేచి వెళ్ళిపోతారని నాకు నిజంగా భయం వేసింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు అంత తేలిగ్గా వదలదు. విజయకుమారి గారు ముందుకొచ్చి, పక్కన ఇసుకలో కూర్చుని, ఆవిడ మోకాలి మీద చేయి వేశారు. మరియమ్మ గారు గారె తుంచబోయి వేళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"కాలిందే అమ్మా," అని నవ్వారు. ఊదుకుంటూ మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నారు.

రెండోది వేశాను. మూడోది వేశాను. నేను వేయడం, ఆవిడ తినడం తప్ప ఆ తిన్నె మీద ఇంకో పని జరగలేదు. నాలుగోదానికి కూర ముక్క ఎముకతో సహా అడిగి వేయించుకున్నారు. వెనక ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడైంది. ఐదోది సగం తిన్నాక ఆవిడ నమలడం ఆపారు. నా వైపు తలెత్తి చూశారు.

"బాబూ, గ్రైండరు ముందే ఆపేశావా? పిండి ఇంకాస్త నలగాల్సింది. మధ్యలో పలుకు తగులుతోంది."

రాంబాబు తల దించుకున్నాడు. జనరేటరు వేడెక్కుతోందని వాడు నిజంగానే ముందు ఆపేశాడు. నాకూ తెలుసు, ఎవరు కనిపెడతార్లే అని ఊరుకున్నాను. యాభైమందీ నావైపు చూస్తున్నారు, నేనేమంటానోనని. నా కోపం సంగతి మేనేజరు గారికి బాగా తెలుసు కాబట్టి ఆయన రెండడుగులు ముందుకు కూడా వేశారు.

"ఆయ్, నిజమేనండి. ఆపేశాం," అన్నాను.

"ఇంకో పది తిప్పులు తిరిగితే దూదిలా ఉండేవి. సర్లే, ఇంకోటి వెయ్యి."

మొత్తం ఏడు తిన్నారు. నా వంటకి చాలామంది దండలు వేశారు, ఓ పెద్దాయన ఒకసారి వేలి ఉంగరం తీసి ఇచ్చారు. ఇవాళ్టికీ ఎవరైనా నా పనితనం గురించి అడిగితే నేను చెప్పుకునేది మాత్రం ఆ పలుకు సంగతే. ముందురోజంతా బాగుందన్న మనిషి వంక పెట్టింది. మనసుపెట్టి తిన్నది. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

అభినందన పత్రం తిరుగు ప్రయాణంలో చదివారు. నాలుగు పేజీలూ చదివారు. రెండో పేజీ అయ్యేసరికి మరియమ్మ గారు కడుపునిండిన మత్తులో, శాలువా కప్పుకుని, కుర్చీలోనే నిద్రపోయారు. ఎవరూ లేపలేదు. విజయకుమారి గారు గొంతు తగ్గించి చివరిదాకా చదివారు.

ఆ ట్రిప్పు తర్వాత నేను లాంచీ మీద ఒక పద్ధతి పెట్టాను. బఫే తెరిచే ముందు ఒక చిన్న పొయ్యి డెక్కు మీదికి తెచ్చి, ప్రయాణికుల్ని ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. "మీ ఇంట్లో ఆఖర్న తినేదెవరండీ?" అడగ్గానే మగవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవారు. పిల్లలు మాత్రం తడుముకోకుండా వాళ్ళ అమ్మనో నాయనమ్మనో చూపించేవాళ్ళు. తొలి వాయి వాళ్ళకి. వద్దు, అందరూ తిననివ్వండి అని ప్రతి ఒక్కరూ అనేవారు. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. లాంచీ మీద వంట మాస్టారి మాట లాంచీ నడిపే సరంగు మాటతో సమానమని చెప్పేవాణ్ణి.

ఆ ప్రశ్న మొదటిసారి నేను అడిగింది లాంచీ మీద కాదు. మరియమ్మ గారి పార్టీని పట్టిసీమలో దించి ఇంటికి వెళ్ళిన రోజు, మా ఆవిడ నాకూ పిల్లలకీ వడ్డించి, గిన్నెలు సర్దుతూ తిరుగుతోంది. మన ఇంట్లో ఆఖర్న తినేదెవరర్రా అని అడిగితే, పిల్లలు తడుముకోకుండా వాళ్ళమ్మని చూపించారు. ఊరంతటికీ వండిపెట్టిన నేను, పెళ్ళైన ఇరవై ఏళ్ళలో మా ఇంట్లో ఈవిడ ఎప్పుడు తింటుందో చూడలేదు. మర్నాడు పొద్దున్నే లేచి గారెలకి పప్పు నేనే రుబ్బాను, పది తిప్పులు ఎక్కువే తిప్పాను. పొయ్యి పక్కన పీట వేసి కూర్చోమంటే, మీకేమైనా పిచ్చా అంది. పిల్లలు ఇంకా తిన్లేదంది. చేయి పట్టుకుని కూర్చోబెట్టాను.

ఒకటి తింది. రెండోది తింది. మూడోది కొరికి నా వైపు తిరిగింది.

"ఏంటండీ, ఇంతేసి మందికి వండుతారంటారు, ఉప్పు సరిగ్గా పడలేదు," అంది.